మాండరిన్ చేపను రీఫ్ ట్యాంకులో బతికించుకోవాలంటే: ముందు తిండి, ఆ తర్వాతే చేప

రీఫ్ ట్యాంకుల్లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అద్దపు తొట్లలో, ఇళ్లలో పెంచే మాండరిన్ చేపల్లో ఎక్కువ భాగం ఆకలితోనే చచ్చిపోతాయి. నీళ్లు బాగుంటాయి, పగడాలు బాగుంటాయి, మిగతా చేపలు పెల్లెట్లు (ఎండు తిండి గుళికలు) తిని నిగనిగలాడుతుంటాయి. ఇది మాత్రం వారం వారం చిక్కిపోతూ రెండు మూడు నెలల్లో కనబడకుండా పోతుంది. మిగతా ఏర్పాట్లలో చిన్నాచితకా లోపాలున్నా ఈ చేప సర్దుకుపోతుంది. తిండి దగ్గర మాత్రం సర్దుకోదు. అందుకే ఇక్కడ సగానికి పైగా చేప గురించి కాకుండా, అది తినే కంటికి ఆనీ ఆనని పురుగుల గురించే ఉంటుంది.

సింకిరోపస్ స్ప్లెండిడస్ అన్నది దీని శాస్త్రీయ నామం. జపాన్ దక్షిణాన ఉన్న ర్యుక్యూ దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియా దాకా పశ్చిమ పసిఫిక్‌లో దొరుకుతుంది. అలల తాకిడి లేని లాగూన్లలో, విరిగిన పగడపు ముక్కల గుట్టల సందుల్లో ఉంటుంది. పెద్దదైతే 6 నుంచి 8 సెంటీమీటర్లు. పొలుసులు ఉండవు, వాటి బదులు ఒళ్లంతా చేదు జిగురు. ఒంటి మీద కనబడే నీలం కూడా మామూలుది కాదు. చాలా చేపల్లో నీలం కాంతి పరావర్తనంతో వచ్చే మాయ. ఈ చేపలోనూ, దీని దగ్గరి చుట్టం సింకిరోపస్ పిక్చురాటస్‌లోనూ నిజంగానే నీలిరంగు పదార్థం నింపుకున్న కణాలున్నాయి.

లైట్లు వెలుగుతున్నప్పుడు ఓ పది నిమిషాలు దాన్ని గమనిస్తే తిండి లెక్క అర్థమవుతుంది. పొట్ట కింది రెక్కల మీద నడుస్తున్నట్టు రాతి వెంట జరుగుతుంది. ఆగుతుంది. ఉబ్బెత్తు కళ్లు రెండూ వేర్వేరుగా తిరుగుతాయి. తల కాస్త వంచి, చిన్న నోటిని గొట్టంలా ముందుకు చాచి, టక్కున ఒక పోటు. మళ్లీ జరుగుతుంది. అయిదు సెకన్లకు ఒక పురుగు చొప్పున పగలు పది గంటలు తిన్నదనుకుంటే 7,200 అవుతాయి. అన్ని పోట్లూ తగలవు, నిజమే. సగమే తగిలినా రోజుకు మూడున్నర వేలు. "నెలకో సీసా కోపెపాడ్లు వేస్తే చాలు" (కోపెపాడ్లంటే ఆ పురుగులే, పొట్టిగా పాడ్లు) అనే సలహా ఎక్కడ బోల్తా కొడుతుందో ఈ లెక్కే చెబుతుంది. మూడు వేల పురుగులున్న సీసా ఒక్క రోజుకు కూడా రాదు. ట్యాంకు లోపలే అవి పుట్టి పెరుగుతూ ఉండాలి.

ట్యాంకు ఎలా ఉండాలి

సముద్రంలో పట్టిన చేపకైతే 280 లీటర్లకు తగ్గకుండా ట్యాంకు, అందులో కనీసం 25-30 కిలోల లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి), దానికి జోడుగా ఒక రెఫ్యూజియం (చేపలకు అందకుండా పాడ్లు పెరిగే విడి గది) ఉండాలి. ఇంతకన్నా చిన్న ట్యాంకుల్లో ఈ చేపను ఏళ్ల తరబడి ఉంచినవాళ్లు లేకపోలేదు. అయితే వాళ్లు రోజూ చేత్తో తిండి పెట్టేవాళ్లు, లేదా పాడ్లను పక్కన బకెట్లలో పెంచి వారం వారం పోసేవాళ్లు. ఫారంలో పుట్టి పెరిగిన మాండరిన్ దొరికి, అది ఫ్రోజెన్ తిండి తినడం మీరు కళ్లారా చూస్తే 120 లీటర్లు కూడా సరిపోతుంది.

వయసు మరీ ముఖ్యం. కొత్త ట్యాంకు సైకిల్ పూర్తవడమంటే బ్యాక్టీరియా స్థిరపడి అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావడం. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మాండరిన్‌కు ఆ లెక్క చాలదు. రాళ్ల సందుల్లో పాడ్ల సంతతి స్థిరపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు నెలలు ఆగాలి. ఎండు రాతితో మొదలుపెట్టిన ట్యాంకయితే పన్నెండే లెక్కేసుకోండి, ఎందుకంటే దాని మీద బయటి నుంచి వచ్చిన జీవం ఏమీ ఉండదు.

నీటి కొలతలు మామూలు రీఫ్ ట్యాంకువే: ఉష్ణోగ్రత 25-26 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ 8-9 డీకేహెచ్, కాల్షియం 400-450 పీపీఎమ్, మెగ్నీషియం 1,250-1,350. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎమ్, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి. ఈ రెంటినీ సున్నా చేయాలన్న తాపత్రయం ఇక్కడ పనికిరాదు. రాతి మీద పల్చటి నాచు పొర ఉంటేనే పాడ్లకు మేత. దాన్ని ఎండగడితే ముందు పాడ్లు పోతాయి, వాటి వెనకే చేప పోతుంది.

రాతిని గోడ కట్టినట్టు బిగించకుండా సందులు వదిలి పేర్చండి. ఒక మూల పిడికెడు సైజు నుంచి గోళీ సైజు దాకా రాతి ముక్కలను గుట్టగా పోయండి. పెద్ద చేపలు దూరలేని ఆ సందుల్లోనే పాడ్లు పెరుగుతాయి. ఇసుక 2-3 సెంటీమీటర్లు ఉంటే మంచిది, లేకపోయినా ఫర్వాలేదు. మాండరిన్ గట్టి ఈతగాడు కాదు కాబట్టి వేవ్ పంపులకు స్పాంజి గానీ జాలీ గానీ తొడగండి, కనీసం ఒక వైపైనా నీటి వేగం నెమ్మదిగా ఉండాలి. పైన సన్నజాలీ మూత తప్పనిసరి. అడుగున పాకే చేపే అయినా సాయంత్రం వేళ నీటిలో పైకి లేస్తుంది.

రెఫ్యూజియం: పాడ్ల పుట్టిల్లు

సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఒక గదిని దీనికి వదిలేయండి. ట్యాంకు నీటిలో పదో వంతు దాకా పట్టే గదయితే బాగా పనిచేస్తుంది. అడుగున రాతి ముక్కలు, పైన ఒక ముద్ద కీటోమార్ఫా నాచు వేయండి. జుట్టు ఉండలా చిక్కుపడి ఉండే ఈ నాచు కాలెర్పా అనే ఇంకో నాచులా ఉన్నట్టుండి తెల్లబడి కుళ్లి నీళ్లు పాడుచేయదు. ట్యాంకు లైట్లు ఆరినప్పుడు దీని లైటు వెలిగేలా టైమర్ పెట్టండి, రాత్రి పూట పీహెచ్ పడిపోకుండా అది కూడా కలిసొస్తుంది. నీరు ఇందులో నెమ్మదిగా కదలాలి. నాచు గదంతా నిండినప్పుడు సగం తీసేయండి. తీసేముందు ఆ ముద్దను ట్యాంకు నీళ్లున్న బకెట్లో నాలుగైదు సార్లు గట్టిగా జాడించండి. అడుగున కదిలే చుక్కలన్నీ పాడ్లే. ఆ నీటిని ట్యాంకులో పోసేయండి.

సంప్ నుంచి ట్యాంకుకు నీటిని ఎత్తే రిటర్న్ పంపులోంచి వెళ్తే పాడ్లు నుజ్జయిపోతాయన్న భయం అక్కర్లేదు, ఎక్కువ భాగం ప్రాణాలతోనే అవతలికి చేరతాయి. వాటికి అసలు శత్రువు ఫిల్టర్ సాక్, అంటే సంప్‌లోకి దిగే నీటిని వడకట్టే గుడ్డ సంచి. ట్యాంకు నుంచి కిందికి వచ్చే పాడ్లన్నీ అందులో చిక్కుకుని, అది ఉతికినప్పుడల్లా మోరీ పాలవుతాయి. మాండరిన్ పెంచే ట్యాంకులో సాక్ తీసేయడమే మేలు. నీరు మసకగా అనిపిస్తే వారంలో ఒక రోజు పెట్టి మళ్లీ తీసేయండి. నురగతో మురికి తీసే స్కిమ్మర్ నడవనివ్వచ్చు. నీటిలోని క్రిములను చంపే యూవీ దీపం ఉంటే పాడ్లు వేసిన రోజు ఆపండి.

ఏ పాడ్లు, ఎలా వేయాలి

సీసాల్లో అమ్మేవాటిలో మీకు కావలసింది ముఖ్యంగా టిస్బే. తెల్లగా, అతి చిన్నగా ఉంటుంది, రాతిని పట్టుకుని పాకుతుంది, 25-26 డిగ్రీల్లో జోరుగా పెరుగుతుంది. చేప కంట పడకుండా సందుల్లో దాక్కోగలదు కాబట్టి సంతతి నిలుస్తుంది. దానికి తోడు అపోసైక్లోప్స్ వేస్తే నీటిలో తేలే పిల్లలు పగడాలకు కూడా తిండి అవుతాయి. ఎర్రగా పెద్దగా కనబడే టిగ్రియోపస్‌ను చూసి చాలామంది మోజు పడతారు. అది ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు చల్లటి రాతి గుంటల జీవి. బయటికొచ్చి ఈదుతూ వేసిన రెండు మూడు రోజుల్లోనే చేపల నోట్లో పడుతుంది. దాన్ని విందు భోజనంగా వాడుకోండి, రోజువారీ బియ్యం మాత్రం టిస్బేనే.

సైకిల్ అయిపోయి గోధుమ రంగు డయాటమ్ (సూక్ష్మ నాచు) పొర వచ్చి పోయాక మొదటి సీసా వేయండి. సగం రెఫ్యూజియంలో, సగం ట్యాంకులో. రెండు వారాలకొకటి చొప్పున ఇంకో మూడు సార్లు వేయాలి. వేళ కూడా ముఖ్యమే. లైట్లు ఆరిన గంట తర్వాత పంపులన్నీ ఆపి, సన్నటి గొట్టంతో రాతి మొదట్లో వదలండి. అరగంట నుంచి గంట సేపు వాటిని కుదురుకోనిచ్చి పంపులు మళ్లీ వేయండి. పట్టపగలు నీటి మీద ఒంపితే క్లౌన్ చేపలకు పండగ, మీకు డబ్బు దండగ.

బకెట్లో పాడ్ల పెంపకం

ట్యాంకు ఎంత పెద్దదైనా ఇది పక్కన ఉండటం మంచిది. ఎప్పుడూ రెండు బకెట్లు పెట్టండి, ఒకటి ఎప్పుడో ఒకప్పుడు కూలుతుంది.

1. సబ్బు తగలని 10 లీటర్ల తెల్ల బకెట్లో 8 లీటర్ల కొత్త ఉప్పునీరు పోయండి. సాంద్రత 1.022-1.025, గది ఉష్ణోగ్రత 22-26 డిగ్రీలు.

2. ఎయిర్ పంపు గొట్టం చివర గట్టి ప్లాస్టిక్ గొట్టం బిగించి అడుగు దాకా దించండి. ఎయిర్ స్టోన్ వద్దు. దాని సన్నటి బుడగలు పాడ్ల పిల్లలకు అంటుకుని వాటిని పైకి లాక్కుపోతాయి. సెకనుకు రెండు మూడు పెద్ద బుడగలు వస్తే చాలు.

3. టిస్బే పాకడానికి నాలుగైదు రాతి ముక్కలు గానీ ప్లాస్టిక్ జాలీ ముక్క గానీ వేసి, ఒక సీసా పాడ్లు పోయండి.

4. మేతగా బతికున్న ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు, పొట్టిగా ఫైటో) ఇవ్వండి. నానోక్లోరాప్సిస్, టెట్రాసెల్మిస్, ఐసోక్రైసిస్‌లలో రెండు కలిపితే మరీ మంచిది. నీరు లేత ఆకుపచ్చగా మారాలి, బకెట్ అడుగు మాత్రం కనబడుతూ ఉండాలి. ఆ పచ్చదనం పోయి నీరు తేటపడ్డాకే మళ్లీ వేయాలి. ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

5. మూడో వారం నుంచి వారానికోసారి పావు వంతు నీటిని 53 మైక్రాన్ల జల్లెడలో వడకట్టండి. జల్లెడలో నిలిచినవి ట్యాంకుకు, ఆ నీరు మోరీకి. అంతే కొత్త ఉప్పునీరు బకెట్లో పోయండి.

6. రెండు మూడు నెలలకోసారి పాడ్లను వడకట్టి కొత్త బకెట్లోకి మార్చండి.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే మేత ఎక్కువైందని అర్థం. కదులుతున్నవాటిని వడకట్టి ఆ రోజే మార్చేయండి. నీటిలో గెంతకుండా నున్నగా తేలిపోయే చుక్కలు నిండిపోతే అవి రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు. ఫైటోనంతా అవే మేసి పాడ్లను పస్తు పెడతాయి. అలాంటప్పుడు రెండో బకెట్ నుంచి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. జల్లెడను, పిప్పెట్‌ను ఒక బకెట్ నుంచి ఇంకో బకెట్‌కు కడగకుండా వాడితే ఆ రెండోదీ పోతుంది.

కొనేముందు ఒక పరీక్ష

లైట్లు ఆరిన రెండు గంటలకు టార్చి పట్టుకుని ట్యాంకు ముందు కూర్చోండి. అద్దానికి ఒక పక్కగా కాంతి పడేలా పట్టుకుంటే, తెల్ల ఆవగింజ కన్నా చిన్న చుక్కలు అద్దం మీద గీతలు గీస్తున్నట్టు జరుగుతూ కనబడాలి. అరచేయంత మేర చూస్తే పాతికకు తగ్గకూడదు. రాతి ముక్కల గుట్ట వైపు తిప్పితే రొయ్య పిల్లల్లాంటి ఆంఫిపాడ్లు వెలుగు తగలగానే చటుక్కున సందుల్లోకి దూరాలి. ఈ పరీక్షను వారం తేడాతో రెండు మూడు సార్లు చేయండి. చుక్కలను వెతుక్కోవాల్సి వస్తే ఇంకో రెండు నెలలు ఆగండి.

ట్యాంకులో ఇప్పటికే సిక్స్‌లైన్ రాస్ చేప గానీ లెపర్డ్ రాస్ చేప గానీ ఉందా? అవి కూడా రోజంతా రాళ్లు గాలించి ఇవే పాడ్లను తింటాయి. సిక్స్‌లైన్ అయితే తినడంతో ఆగక తరుముతుంది కూడా. స్కూటర్ డ్రాగనెట్, పైప్‌ఫిష్‌లదీ ఇదే తిండి. ఒకే ట్యాంకులో ఒక్క పాడ్ వేటగాడే అన్న నియమం పెట్టుకుంటే చాలా తలనొప్పులు తగ్గుతాయి. చేపలను కుట్టి పట్టే కార్పెట్ ఎనిమోన్, ఎలిగెన్స్ కోరల్ (ఒక పగడం) ఉన్న చోట మాండరిన్‌ను వేయొద్దు. రాత్రి పూట మెల్లగా జరుగుతూ వాటి మీదకు వెళ్లిందంటే మళ్లీ బయటికి రాదు.

చేపను ఎంచుకోవడం

రంగు చూసి మోసపోవద్దు, బక్కచిక్కిన మాండరిన్ కూడా అంతే మెరుస్తుంది. పక్క నుంచి చూస్తే పొట్ట గుండ్రంగా, కనీసం చదునుగా ఉండాలి. చెంప రెక్క వెనక పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే వదిలేయండి. తర్వాత పై నుంచి చూడండి. తల వెడల్పుగా ఉండి దాని వెనక ఒళ్లు ఒక్కసారిగా సన్నబడిపోతే, వీపు మీద వెన్ను గీత తేలితే, అది వారాల తరబడి తినలేదని లెక్క. అలాంటిదాన్ని జాలిపడి తెచ్చుకుంటే చాలాసార్లు నిలవదు. ఒంటి మీద చిన్న చిల్లులు, తెల్లటి మచ్చలు ఉన్నాయేమో కూడా చూడండి. సముద్రంలో వీటిని కొందరు సూది లాంటి బల్లెంతో పొడిచి పడతారు.

అమ్మేవాళ్లను అడిగి మీ ఎదుటే తిండి వేయించండి. బతికున్న ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్యలు) తిన్నా సంతోషమే, ఫ్రోజెన్ తింటే మరీ మంచిది. ఫారంలో పుట్టినది దొరికితే ఎక్కువ పెట్టయినా దాన్నే తీసుకోండి, సగం పని అప్పటికే అయిపోయినట్టు.

ఇంటికి తెచ్చాక

వలతో పట్టొద్దు. ఈ చేప చెంపల దగ్గర కొక్కెంలాంటి ముల్లు ఉంటుంది, అది వలలో ఇరుక్కుంటే చెంప చిరుగుతుంది. గ్లాసుతోనో డబ్బాతోనో పట్టాలి. సంచిని ట్యాంకులో 15-20 నిమిషాలు తేలనిచ్చి, డబ్బాలోకి మార్చి, సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున అరగంట పాటు ట్యాంకు నీరు దించండి. దుకాణం సాంద్రత మీ ట్యాంకు సాంద్రతకు దగ్గరగా ఉంటే ఇంకా తొందరగా ముగించండి. దూరం నుంచి సంచిలో గంటల తరబడి వచ్చిన చేపకు ఈ డ్రిప్ వద్దు. సంచి మూతి విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అందులో పేరుకున్న అమ్మోనియా విషమవుతుంది. ఉష్ణోగ్రత సరిచూసి తిన్నగా మార్చేయండి. సంచి నీరు ట్యాంకులో పడకూడదు, ఆ జిగురు మిగతా చేపలకు పడదు.

మందమైన జిగురు వల్ల తెల్లచుక్క తెగులు దీనికి కాస్త తక్కువగా అంటుతుంది. అయినా దాన్ని మోసుకురాగలదు, వెల్వెట్ అనే పరాన్నజీవి తెగులు సోకితే తట్టుకోలేదు. క్వారంటైన్ చేయొచ్చు, కాకపోతే ఖాళీ అద్దపు డబ్బాలో నెల రోజులు పెడితే రోగం కన్నా ముందు ఆకలే చంపుతుంది. పాడ్లు పట్టిన రాతి ముక్కలు వేసి, వారానికి రెండు సార్లు బకెట్ పాడ్లు పోయగలిగితేనే ఆ పని పెట్టుకోండి.

ఫ్రోజెన్ తిండి అలవాటు చేయడం

పాడ్లు ఎన్ని ఉన్నా ఇది నేర్పితే చేపకు రెండో దారి దొరికినట్టు. ట్యాంకు లోపలే వేలాడే, జాలీ గోడల పారదర్శక డబ్బా ఒకటి తీసుకోండి. దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు చాలు. అందులో రెండు మూడు రాతి ముక్కలు వేసి చేపను ఒకటి నుంచి మూడు వారాలు ఉంచండి. తిండి కోసం ఎవరితోనూ పోటీ పడక్కర్లేదు, ఎంత తిన్నదీ మీకు కనబడుతుంది.

మొదటి రెండు మూడు రోజులు బతికున్నవే వేయండి: పాడ్లు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా. ఆర్టీమియా కోసం లీటరు నీటిలో 25 గ్రాముల ఉప్పు, అర టీస్పూన్ గుడ్లు వేసి, 27 డిగ్రీల దగ్గర లైటు కింద గట్టిగా గాలి కొట్టిస్తే 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు వెలుగు వైపు చేరతాయి. గొట్టంతో పిల్లలనే లాగి, కడిగి, ఆరేడు గంటల లోపు పెట్టేయండి. ఆలస్యమైతే వాటిలోని పచ్చసొన కరిగిపోతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, సత్తువ మాత్రం ఉండదు.

నాలుగో రోజు నుంచి మూడు వంతుల ఆర్టీమియాలో ఒక వంతు ఫ్రోజెన్ కలపండి. ముందుగా చేప గుడ్లు ప్రయత్నించండి. సముద్రంలో కూడా ఇది చేప గుడ్లు తింటుంది కాబట్టి చాలా చేపలు మొదట ఒప్పుకునేది వాటికే. తర్వాత సైక్లోప్స్, కాలనస్ అనే పాడ్లు, ఆపైన సన్నగా తరిగిన మైసిస్ రొయ్యలు. పిప్పెట్‌తో రాతి మీద వదిలి, నీరు కొద్దిగా కదిలేలా చూడండి. ముక్క వణికితేనే దీని కళ్లు అటు తిరుగుతాయి. రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ చిటికెడే. అరగంట తర్వాత మిగిలింది లాగేయండి. రెండు మూడు రోజులకోసారి పాళ్లు మార్చుకుంటూ పోవాలి. ఫ్రోజెన్‌ను వరుసగా రెండు రోజులు ముట్టకపోతే ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాడ్చడం వేరే చేపల దగ్గర పనిచేస్తుందేమో, మాండరిన్ మాత్రం చచ్చే దాకా మాడుతుంది.

ట్యాంకులోకి వదిలాక తిండి వేరే చేపలు లాక్కుంటుంటే, మూతి మూడు సెంటీమీటర్లున్న చిన్న గాజు సీసాను అడ్డంగా పడుకోబెట్టి, గట్టి గొట్టంతో నేరుగా అందులోకే తిండి వదలండి. రోజూ ఒకే వేళకు ఇస్తే వారం పది రోజుల్లో చేప తనంతట తానే సీసా దగ్గర కాచుకుంటుంది.

చిక్కిపోతుంటే

వారానికోసారి ముందు నుంచి, పై నుంచి ఫొటో తీసి పాతవాటితో పోల్చండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. పొట్ట లోపలికి పోవడం మొదలైతే టార్చి పరీక్ష చేయండి. చుక్కలు తగ్గాయంటే చేపను మళ్లీ డబ్బాలో పెట్టి రోజుకు ఆరు సార్లు తిండి ఇస్తూ, ట్యాంకులో పాడ్లు మళ్లీ వేయండి. చుక్కలు బాగానే ఉండి, చేప తింటూనే చిక్కిపోతుంటే కడుపులో పురుగులు ఉండొచ్చు. తెల్లటి దారంలాంటి రెట్ట దానికి గుర్తు. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందును ఫ్రోజెన్ తిండికి పట్టించి ఇవ్వాలి. ట్యాంకు నీటిలో కలిపితే ఫెదర్ డస్టర్లలాంటి గొట్టపు పురుగులు చనిపోవచ్చు.

పాడ్లు హఠాత్తుగా మాయమవడానికి రెండు కారణాలు ఎక్కువగా కనబడతాయి. ఒకటి, ఫాస్ఫేట్ తొలగించే పదార్థాన్ని (మీడియాను) ఒకేసారి ఎక్కువగా వాడి నాచునంతా చంపేయడం. రెండోది, అక్రోపొరా పగడం మీద ఎర్ర పురుగులకని మిల్బెమైసిన్ మందు వేయడం. ఆ మందు రొయ్యలు, పీతలతో పాటు పాడ్లను కూడా తుడిచిపెట్టేస్తుంది. ఆ వైద్యం తప్పదనుకుంటే పగడాన్ని బయటికి తీసి విడి పాత్రలో ముంచండి. ట్యాంకంతా వేయాల్సి వస్తే ముందుగా మాండరిన్‌ను, రెఫ్యూజియం నాచును వేరే ట్యాంకుకు తరలించాలి.

జత పెట్టాలనుకుంటే

మగదానికి వీపు మీది మొదటి రెక్క ముల్లు పొడుగ్గా జెండా కర్రలా నిలుస్తుంది, ఆడదానికి పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. రెండు మగవి ఒక ట్యాంకులో పడవు, ఒకటి చచ్చే దాకా కరుచుకుంటాయి. ఒక మగ, ఒక ఆడ అయితే రెండింటినీ ఒకేసారి గానీ ఆడదాన్ని ముందు గానీ వేయండి. తిండి లెక్క రెట్టింపవుతుంది కాబట్టి టార్చి పరీక్షలో అరచేయంత మేర యాభై చుక్కలు కనబడేదాకా రెండోది తేవద్దు. కుదురుకున్న జత లైట్లు ఆరబోయే వేళ పక్కపక్కనే ఆనుకుని మీటరు దాకా పైకి లేచి గుడ్లు వదులుతుంది. ఎత్తు తక్కువ ట్యాంకులో ఆ ఊపుకే నీటి మీదకు ఎగిరే ప్రమాదం ఉంది, మూత మాట మొదట్లోనే చెప్పింది అందుకే. గుడ్లు నీటిలో తేలుతూ పోతాయి, తల్లిదండ్రులు వాటిని కాయవు. పిల్లలను పెంచాలంటే గుడ్లను ఆ రాత్రే పల్చటి జాలీతో పట్టి, పంపులు లేని విడి గుండ్రటి పాత్రలోకి మార్చుకోవాలి.